లాటరీ లెక్కలు – 3వ పాఠం: ప్రకటించిన జాక్‌పాట్‌లో చేతికొచ్చేదెంత?

49 అంకెల్లోంచి 6 ఎంచుకునే ఆటలో 1,39,83,816 కలయికలు ఎలా వస్తాయో కిందటి పాఠంలో చూశాం. ఇప్పుడు ప్రైజు సంగతి. పోస్టరు మీద ఉన్న మొత్తాన్ని కలయికల సంఖ్యతో భాగించి, టికెట్ ధర కంటే ఎక్కువ వస్తే గిట్టుబాటే అనుకుంటారు చాలామంది. భాగించే ముందు మూడు కోతలు వెయ్యాలి: వాయిదాలు, పన్ను, పంపకం. ఏ దేశపు లాటరీ అయినా నిబంధనల్లో ముందుగా వెతకాల్సినవి ఇవే.

2016 జనవరి 13న అమెరికాలో తీసిన పవర్‌బాల్ డ్రా తీసుకుందాం. టికెట్ 2 డాలర్లు. తెల్ల బంతులు 69లో 5, ఎర్ర బంతులు 26లో 1 కలవాలి. మొత్తం 29,22,01,338 కలయికలు. ప్రకటించిన జాక్‌పాట్ 158.6 కోట్ల డాలర్లు. నేరుగా భాగిస్తే టికెట్‌కి 5.43 డాలర్లు! ఇక కోతలు మొదలుపెట్టండి.

ఆ 158.6 కోట్లు ఒక్కసారిగా ఇచ్చే డబ్బు కాదు. 29 ఏళ్ల పాటు 30 వాయిదాల్లో, ఏటా 5 శాతం చొప్పున పెంచుతూ ఇచ్చే మొత్తాల కూడిక. ఒకేసారి కావాలంటే 98.35 కోట్లే. అంటే టికెట్‌కి 3.37 డాలర్లు. ఫెడరల్ ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు ఆ ఏడాది 39.6 శాతం, అది పోతే 2.03. రాష్ట్రాల పన్ను ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ కలపడం లేదు.

ఇక్కడిదాకా లెక్క సరిగ్గా వేసినవాళ్లు కూడా పంపకం దగ్గర బోల్తా పడతారు. జాక్‌పాట్ పెరిగేకొద్దీ కొనేవాళ్లూ పెరుగుతారు, అదే కలయిక ఇంకొకరి చేతిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. లెక్క ఇలా కట్టాలి. అమ్ముడైన టికెట్లను కలయికలతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. 2.718ని ఆ నిష్పత్తి ఘాతానికి ఎత్తి, దానితో 1ని భాగించండి. వచ్చినదాన్ని 1లోంచి తీసేసి, మిగిలినదాన్ని నిష్పత్తితో భాగించండి. నిష్పత్తి 2 అనుకుందాం: 2.718 వర్గం 7.39, 1ని దానితో భాగిస్తే 0.135, 1లోంచి తీసేస్తే 0.865, 2తో భాగిస్తే 0.432. గెలిచినవారికి సగటున దక్కే వాటా అంతే. నిష్పత్తి 1 అయితే 0.632, 3 అయితే 0.317. మన 2.03ని 0.432తో గుణిస్తే 88 సెంట్లు. నిజంగానూ ఆ జాక్‌పాట్‌ని మూడు టికెట్లు పంచుకున్నాయి.

ఈ సూత్రం వెనక ఒక ఊహ ఉంది: జనం అన్ని కలయికలనూ సమానంగా ఎంచుకుంటారని. అలా ఎంచుకోరు. బ్రిటన్‌లో ప్రైజు మీద పన్ను లేదు, వాయిదాలూ లేవు, పంపకం ఒక్కటే కోత. అయినా 1995 జనవరి 14న నేషనల్ లాటరీ జాక్‌పాట్ 1.6 కోట్ల పౌండ్లు దాటితే 133 మంది గెలిచి, ఒక్కొక్కరు 1,22,510 పౌండ్లతో సరిపెట్టుకున్నారు. ఆరోజు పడిన 7, 17, 23, 32, 38, 42 అంకెలు కూపన్ మీద మధ్య వరసల్లోవే. అందుకే పుట్టినరోజులు, కంటికి ఇంపైన వరసలు వదిలెయ్యమని గట్టిగా చెబుతాను. గెలిచే అవకాశం దానివల్ల పిసరంత కూడా మారదు. గెలిస్తే పంచుకునేవాళ్లు తగ్గుతారు.

భారతదేశంలో లెక్క వేరు. 1998 లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం టికెట్లు రాష్ట్ర ప్రభుత్వమే ముద్రించాలి, డ్రా కూడా అదే తియ్యాలి; ఎవరూ తీసుకోని ప్రైజు రాష్ట్రానికే చెందుతుంది. నంబరు టికెట్ మీద అచ్చయి వస్తుంది కాబట్టి కేరళ బంపర్‌లో మొదటి ప్రైజు ఒకే టికెట్‌ది, పంపకం లేదు. కానీ పన్ను కంటే ముందు ఏజెంటు కమీషన్ ఉంది. 2022 తిరుఓణం బంపర్ మొదటి ప్రైజు 25 కోట్ల రూపాయలు. 10 శాతం కమీషన్ పోతే 22.5 కోట్లు, దాని మీద 30 శాతం పన్ను 6.75 కోట్లు, మిగిలేది 15.75 కోట్లు. సర్‌ఛార్జి, సెస్సు దీనికి అదనం. ఆ రెండూ మరిచిపోయి మొత్తం ఖర్చుపెట్టేసినవాళ్లకు రిటర్ను వేసేటప్పుడు చిక్కు వస్తుంది.

అభ్యాసం: స్పెయిన్ క్రిస్మస్ లాటరీలో నంబర్లు 00000 నుంచి 99999 దాకా. టికెట్‌లో పదో వంతు 20 యూరోలు, దానికి మొదటి ప్రైజు 4 లక్షల యూరోలు. 40,000 దాటిన భాగం మీద 20 శాతం పన్ను. అదే నంబరు ఎందరి దగ్గరున్నా ఒక్కొక్కరికి పూర్తి 4 లక్షలూ ఇస్తారు. మూడు కోతల్లో ఇక్కడ ఏవి వర్తిస్తాయో తేల్చి, మొదటి ప్రైజు వరకు ఒక్కో వాటా విలువ కట్టండి. 3.28 యూరోలు రావాలి. చిన్న ప్రైజులు 4వ పాఠంలో కలుపుదాం.