పాత లారీకి కూలెంట్: ఏది పోయాలి, ఎలా మార్చాలి

కూలెంట్‌ను రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ. పచ్చది పాత బండ్లకు, ఎర్రది కొత్త బండ్లకు అని ఒక లెక్క. నిజానికి ఆ రంగు తయారీదారు కలిపే డై మాత్రమే, దానికి కట్టుబాటు ఏమీ లేదు. రెండు కంపెనీల ఎర్ర కూలెంట్లు లోపల పూర్తిగా వేరువేరు రసాయనాలు కావచ్చు. కాబట్టి డబ్బా ముందు వైపు వదిలేసి వెనక చదవండి. రకం ఏమిటి, ఏ స్పెసిఫికేషన్‌కు సరిపోతుంది అన్నవే పనికొచ్చే ముక్కలు.

దానికంటే ముందు మీ ఇంజిన్ ఏమిటో తెలియాలి. రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసి సీసం టంకం వేసినదైతే పాత తరహా ఐఏటీ (ఖనిజ లవణాలతో రక్షించే రకం) కూలెంటే నమ్మకమైనది. అందులోని సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు లోహం మీద త్వరగా పొర కడతాయి. రెండేళ్లకు అవి అరిగిపోతాయి, మార్చాల్సిందే. ఐదేళ్లు వస్తాయని చెప్పే ఓఏటీ (సేంద్రియ ఆమ్లాలతో రక్షించే) రకాలు కొత్త అల్యూమినియం రేడియేటర్లకు బాగుంటాయి. కానీ వాటిలో కొన్నింటిలో ఉండే 2-ఇథైల్‌హెక్సనాయిక్ ఆమ్లం పాత సిలికాన్ సీళ్లను మెత్తబరుస్తుంది. పాత టంకానికి కూడా అన్ని ఓఏటీలూ పడవు. ఉన్నదాని మీద వేరే రకం కలిపితే ఎక్కువ కాలం వచ్చే గుణం పోతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది.

డీజిల్ ఇంజిన్‌కు వెట్ లైనర్లు (పిస్టన్ లోపల కదిలే, మార్చుకోదగ్గ సిలిండర్ గొట్టాలు) ఉంటే సంగతి ఇంకా ముఖ్యం. వీటిలో లైనర్ బయటి గోడ నేరుగా కూలెంట్‌లోనే ఉంటుంది. డీజిల్ మండినప్పుడు పిస్టన్ పక్కకు తన్ని లైనర్ అదురుతుంది. ఆ అదురుకు బయటి వైపు సన్నని ఆవిరి బుడగలు పుట్టి లైనర్ మీదే పేలుతుంటాయి. కొన్నాళ్లకు అక్కడ సూదితో గుచ్చినట్టు వరసగా గుంటలు పడతాయి, చివరికి చిల్లు పడి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. దీన్ని ఆపేది నైట్రైట్ అనే లవణం. బుడగ కొట్టిన చోట రక్షణ పొర మళ్లీ మళ్లీ కట్టేలా చూస్తుంది. కారు కూలెంట్‌లో ఇది సాధారణంగా ఉండదు. అందుకే ఏఎస్‌టీఎం ప్రమాణాల్లో డి3306 అని మాత్రమే ఉన్న డబ్బా కారుకు సరే, వెట్ లైనర్ లారీకి చాలదు. డి6210 అని ఉండాలి. లేదా ఎస్‌సీఏ (నైట్రైట్ లాంటి నిరోధకాలున్న మందు) విడిగా కలపాలి. ఎక్కువైతే మంచిదే కదా అని పోయకండి. మోతాదు మించితే లవణాలు గుజ్జులా విడిపోయి రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాయి, వాటర్ పంపు సీలును కోసేస్తాయి. టెస్ట్ స్ట్రిప్ (నిరోధకాల మోతాదును రంగుతో చూపే పట్టీ) ముంచి చూసి, దాని మీది సూచనను బట్టే కలపండి.

నీళ్లు డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్‌తో, సిలికేట్‌తో కలిసి ఇంజిన్ పైభాగమైన హెడ్ చుట్టూ, అంటే వేడి ఎక్కువగా ఉన్న చోటే, సున్నపు పొర కడతాయి. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. వేడి ప్రాంతంలో గడ్డకట్టే భయం లేదని పల్చగా పోస్తే తుప్పు నిరోధకాలూ పల్చబడతాయని మరవకండి. 60 శాతం దాటించినా లాభం లేదు, వేడిని మోసే శక్తి తగ్గుతుంది.

మార్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తీస్తే మరిగే కూలెంట్ మొహం మీదికి ఎగజిమ్ముతుంది. హీటర్ ఉంటే దాని లివర్ వేడి వైపు పెట్టండి, లేకపోతే హీటర్‌లోని పాత సరుకు అక్కడే ఉండిపోతుంది. రేడియేటర్ కింది కుళాయి విప్పాక పని అయిపోయిందనుకోకండి. బ్లాక్ పక్కన డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. వి ఆకారపు ఇంజిన్‌కు రెండు పక్కలా ఉంటాయి. ప్లగ్ విప్పినా చుక్క రాకపోతే బ్లాక్ ఖాళీ అయిందని కాదు, రంధ్రానికి అడ్డంగా తుప్పు మడ్డి పట్టిందని. గట్టి తీగతో పొడవండి. ముందు ఎర్రమట్టి రంగు ముద్ద, ఆ వెనకే ధార వస్తాయి. వచ్చినదంతా బకెట్లో పట్టి కొలవండి, ఆ లెక్క తర్వాత కావాలి. పైన నూనె తేలితే కూలెంట్ మార్చి లాభం లేదు, ముందు హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్ చూడండి.

థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తీసేసి, హౌసింగ్ మళ్లీ బిగించి, మంచినీళ్లు నింపి పది నిమిషాలు నడిపి, చల్లారాక వదలండి. తేటగా వచ్చేదాకా ఇదే. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు. చివరి విడత డిస్టిల్డ్ వాటర్‌తో కానివ్వండి.

థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లలో వేసి వేడి చేసి చూడండి. 82 అని ముద్ర ఉంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. బిగించేటప్పుడు స్ప్రింగు ఇంజిన్ వైపు, చిన్న గాలి పిన్ను ఉంటే అది పైకి. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసి తిప్పడం చాలాచోట్ల చూస్తాం. అది వైద్యం కాదు. బైపాస్ ఉన్న ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్‌ను తప్పించుకుని తిరుగుతాయి. లోడు లేనప్పుడు ఇంజిన్ చల్లగానే నడిచి సిలిండర్లు అరుగుతాయి.

హోస్ పైపుల చివర్లు వేళ్లతో నొక్కితే మెత్తగా ఉంటే మార్చేయండి. మూత కూడా పాతదైతే కొత్తది వేయండి, కానీ పాతదాని మీద ఎంత ప్రెషర్ రాసుందో అంతే. 7 పీఎస్‌ఐ రేడియేటర్‌కు 15 మూత పెడితే టంకం అతుకులు విడతాయి.

నింపడంలో అందరూ పొరబడేది లెక్కలో. మొత్తం సామర్థ్యం 20 లీటర్లు అనుకుందాం. కడిగాక అంతా వదిలినా 14 లీటర్లే బయటికి వచ్చాయంటే, 6 లీటర్ల నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. ఇప్పుడు సగం సగం కలిపిన రెడీమేడ్ కూలెంట్ 14 లీటర్లు పోస్తే అసలు గ్లైకాల్ (కూలెంట్‌లో నీళ్లు కాకుండా ఉండే ముఖ్య ద్రవం) 7 లీటర్లే, అంటే 35 శాతం. అందుకే చిక్కటి కాన్సెంట్రేట్ కొని, ముందు 10 లీటర్లు అదే పోసి, మిగతా 4 డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి.

బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంటే గాలి సులువుగా పోతుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద గాలి స్క్రూ ఉంటే బుడగలు ఆగి కూలెంట్ వచ్చేదాకా తెరిచి ఉంచండి. సన్నగా పోయండి. మూత తీసే ఐడిలింగ్‌లో నడపండి. పై హోసు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. అప్పుడు మట్టం దిగుతుంది, మళ్లీ నింపి మూత బిగించండి. హీటర్ గాలి చల్లగా వస్తుంటే లోపల ఇంకా గాలి ఉంది. బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే అది మిగిలిన గాలి కాకపోవచ్చు, హెడ్ గాస్కెట్ గుండా దూరే పొగ కావచ్చు.

మొదటి లోడు తర్వాత చల్లారాక మట్టం చూసి, క్లిప్పులు ఇంకోసారి బిగించండి. అప్పుడే రిఫ్రాక్టోమీటర్‌తో (గ్లైకాల్ ఎంత శాతం ఉందో చూపే పరికరం) కూడా చూడండి, కలిసేదాకా రీడింగ్ నమ్మలేం. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో నడిచిన ఇంజిన్ అయితే కొత్త కూలెంట్ తుప్పును కదిలిస్తుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర, కోర్ ప్లగ్గుల (బ్లాక్ రంధ్రాలకు బిగించిన లోహపు బిళ్లల) చుట్టూ తడి ఉందేమో కొన్నాళ్లు చూస్తుండాలి. ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక టెస్ట్ స్ట్రిప్ చాలు.

తీసిన పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే చోట ఇవ్వండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చస్తాయి. నేల మీద పడిన మరకల మీద నీళ్లు పోసి కడిగేయాలి.