సెలవు మీద ఇంటికెళ్లి మళ్లీ ఉగాండా వచ్చే మిషనరీ కుటుంబాలకు: పెట్టె విప్పకముందే పలకరింపులు

పోయిన నెల మా పక్క సంఘంలో జరిగింది చూశాక ఇది రాయక తప్పలేదు. ఒక తమ్ముడి కుటుంబం మూడు నెలలు గుంటూరు వైపు సంఘాలన్నీ తిరిగి, సాక్ష్యాలు చెప్పి, ఇక్కడి మసాకా పట్టణానికి తిరిగొచ్చింది. గురువారం దిగారు, ఆదివారం ఆరాధనకి వచ్చారు. లాప్‌టాప్‌లో ఫోటోలు, పాటల బృందంలో పిల్లలకి కొత్త బట్టలు, రెండు డబ్బాల పూతరేకులు. తమ్ముడు నలభై నిమిషాలు మాట్లాడాడు. ముందు వరసలో ఒక అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. వాళ్లమ్మ చనిపోయి అప్పటికి ఆరు వారాలు. తమ్ముడు ఆ అమ్మాయి చేతిలో కూడా ఒక పూతరేకు పెట్టి, "ఏంటి, నవ్వవేంటి?" అన్నాడు.

నేను వెనక బెంచీ మీద ఉన్నాను. బయటికొచ్చాక కూడా తమ్ముణ్ణి ఏమీ అనలేకపోయాను. అంతకంటే ఘోరం నేనే చేశాను కదా.

మేం మొదటిసారి ఇంటికెళ్లి వచ్చినప్పుడు ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగిన మూడో రోజు మా సంఘపెద్ద ఒకాయన ఎదురొచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని "కులికాయో" అన్నారు. ప్రయాణం చేసి వచ్చినవాళ్లని ఇక్కడ అలా పలకరిస్తారు. "అవో" అని బదులు చెప్పి, ఇక్కడి భాష లుగాండాలో పెద్ద పండితుడిలా "అమ్మగారు ఎలా ఉన్నారు?" అనడిగాను. "ఇంట్లో లేదు" అన్నారాయన. "ఎప్పుడొస్తారు?" అన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. కాసేపు నేల చూసి, "మేమే వెళ్లాలి" అన్నారు. నాకు అర్థమయ్యేసరికి మా ఆవిడ కళ్లనిండా నీళ్లు.

అందుకే ఈ రాతలో టికెట్లు, లగేజీ, పర్మిట్ లాంటివి పెద్దగా ఉండవు. అవి మీకు తెలుసు, తెలియకపోతే మిమ్మల్ని పంపిన సంస్థ చెప్తుంది. రెండు మూడు ముక్కలు చెప్పి వదిలేస్తాను.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టులోనే పెట్టండి, పెట్టెలో వేయకండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పదేళ్ల గడువన్నది 2016లోనే పోయింది కాబట్టి పాత కార్డు మీద తేదీ చూసి కంగారు పడొద్దు. కొత్తగా వేయించిన పసిపిల్లలకైతే సూది పడిన పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు. చంటిపిల్లతో టికెట్ తీసుకునే ముందు ఈ లెక్క చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టుకి అయిదేళ్లే. పెద్దవాళ్ల తేదీలు చూసి అందరివీ బాగానే ఉన్నాయనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం.

జ్వరం సంగతి. ఎన్నేళ్లు ఇక్కడ ఉన్నా సరే, కొన్ని నెలలు ఊళ్లో ఉండి వస్తే మలేరియా ముందు మీరు మళ్లీ కొత్తవాళ్లే. వచ్చిన వారానికో నెలకో ఒళ్లు వేడెక్కితే "ప్రయాణం బడలిక" అంటూ పారాసిటమాల్ మింగి పడుకోకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. పిల్లలకైతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. దోమతెరకి చిల్లులు ఉంటే ఆ రాత్రే కుట్టుకోండి.

ఇక అసలు విషయం.

తిరిగి రావడానికి వారం ముందు, ఇంకా ఇండియాలో ఉండగానే, మీ సంఘంలో నమ్మకమైన ఒకరికి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: మేం లేనప్పుడు ఎవరెవరు పోయారు? మీరు అడగనిదే ఎవరూ చెప్పరు. దూరంలో ఉన్నవాళ్లని బాధపెట్టడమెందుకని ఊరుకుంటారు. మనవాళ్లూ అంతే కదా, గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి తాత పోయిన కబురు నెల తర్వాత చెప్తారు. అడిగి, ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి. సంఘంలోవాళ్లే కాదు, మీ పాలవాడు, పిల్లల టీచరు, మిమ్మల్ని రోజూ ఎక్కించుకునే బోడా బోడా (బైక్ టాక్సీ) అబ్బాయి, వీళ్ల ఇళ్లలో కూడా. మొదటి ఆదివారం లోపే ఆ ఇళ్లన్నీ తిరిగి రండి. పెట్టెలు తర్వాత విప్పుకోవచ్చు, పచ్చళ్లేమీ పాడవవు.

మన ఊళ్లో ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి. పెళ్లికి వెళ్లకపోయినా ఎవరూ పట్టించుకోరు గానీ చావుకి వెళ్లకపోతే మాటొస్తుంది, చావుకి అందకపోతే పలకరింపుకైనా వెళ్లాలి అని మన అమ్మలు చెప్పిందే ఇక్కడా. మనకున్న మంగళవారం, శుక్రవారం పట్టింపు మాత్రం ఇక్కడ పెట్టుకోకండి. (క్రైస్తవులమైనా అది మనలో చాలామందికి వదల్లేదు, మా అమ్మకి అసలు వదల్లేదు.) గుమ్మంలో "న్గ కిటాలో" అనండి. ఎంత ఘోరం జరిగిందో అన్నట్టు. ఆ ఒక్క మాట చాలు. తర్వాత చాపమీద కూర్చుని ఊరుకోండి. వాక్యం చెప్పేద్దామని తొందరపడకండి. ఎవరైనా అడిగితే చిన్న ప్రార్థన చేయండి. మరదళ్లకి ఒక మాట: చీర కట్టుకుని వెళ్లొచ్చు, ఎవరూ వింతగా చూడరు. ఇక్కడి ఆడవాళ్లు కట్టుకునే గోమెసి అనే పొడవాటి దుస్తులకి ఆ పేరు ఒక గోవా దర్జీ వల్లే వచ్చిందంటారు.

వెనకాల అరటితోట ఉంటుంది, లుసుకు అంటారు. సమాధులు అక్కడే. తీసుకెళ్లి చూపిస్తామంటే వెళ్లండి, "ఇప్పుడెందుకులే" అనకండి.

డబ్బు విషయంలో మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. ఇవ్వాలి. దాన్ని అమబుగో అంటారు. బుగాండాలో, అంటే మనముండే ఈ ప్రాంతంలో, ముతుబా చెట్టు బెరడుని సుత్తులతో కొట్టి కొట్టి బట్టలా చేస్తారు, ఎర్రమట్టి రంగులో ఉంటుంది. ఆ బెరడుబట్టల తయారీని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పోయినవాళ్లని చుట్టడానికి చుట్టుపక్కలవాళ్లు తలో బట్టా తెచ్చేవాళ్లట, ఇప్పుడు ఆ పేరుతో డబ్బిస్తున్నారు. స్కూలు నోటుపుస్తకంలో గీతలు కొట్టి, పేరు ఒకవైపు, షిల్లింగులు ఒకవైపు రాసుకుంటారు. మన పెళ్లిలో చదివింపుల పుస్తకం గుర్తొచ్చి మొదటిసారి నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇరవై వేల షిల్లింగులు పెట్టినా మన డబ్బుల్లో సుమారు అయిదొందలే. ఇండియన్ కదా అని లక్షలు పెట్టకండి. పక్కింటాయన అయిదు వేలు పెట్టిన చోట మీ లక్ష ఆయన్ని చిన్నబుచ్చుతుంది.

మీరు వచ్చాక ఎవరైనా పోతే ఇంకో చిక్కుంది, గంటల లెక్క. లుగాండాలో తెల్లారాక లెక్క మొదలు. మన ఉదయం ఏడు వాళ్లకి ఒకటో గంట. ఇండియాలో నాలుగు నెలలుండి వస్తే ఇది శుభ్రంగా మర్చిపోతాం. రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఒకాయన సమాధి కార్యక్రమం "సావా కుమి" అని కబురొచ్చింది. సావా అంటే గంట, కుమి అంటే పది. నేను ఉదయం పదింటికి తెల్లచొక్కా వేసుకుని హాజరు. అది సాయంత్రం నాలుగన్నమాట! గొయ్యి తవ్వే కుర్రాళ్లు తప్ప మగవాళ్లెవరూ లేరు. వెనక్కెళ్తే బాగోదని చొక్కా చేతులు మడిచి నీళ్లు మోశాను.

1903లో నెల్లూరు నుంచి మిషనరీ జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లింది అక్కడికి కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం. ఆయన సంఘం ఏడ్చినా తెలుగులోనే ఏడ్చేది. మనకి ఆ సౌకర్యం లేదు, అందుకే ఇవన్నీ పనిగట్టుకుని నేర్చుకోవాలి. విసుక్కుంటున్నానని అనుకోకండి. విసుగే అనుకోండి పోనీ.

పిల్లల గురించి అడుగుతారు గనక చెప్తున్నా. మా పాప నాయనమ్మ దగ్గర ఉన్నన్నాళ్లూ మటోకే (ఇక్కడి కూర అరటికాయ వంట) కావాలంది, ఇక్కడికొచ్చాక ముద్దపప్పు కావాలంటూ నెల రోజులు సతాయించింది. ఏ దేశంలో ఉంటే అవతలి దేశం కావాలి దానికి. బుజ్జగించే ప్రయత్నాలన్నీ చేసి ఓడిపోయాం, చివరికి దానంతటదే తగ్గింది. నాయనమ్మకి ఫోన్ చేయించండి, కానీ పిల్లల పడుకునే టైముకి కాదు. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే అక్కడ పదకొండున్నర, ఆవిడ నిద్ర పాడవుతుంది, వీళ్ల ఏడుపూ పెరుగుతుంది. గోంగూర కోసం మాత్రం బెంగ వద్దు. ఉత్తరాన గులు వైపు వాళ్లు మలక్వాంగ్ అని ఒక పుల్లటి ఆకు వేరుశనగ ముద్దతో వండుతారు, అది గోంగూరకి చుట్టమే. ఆ వైపువాళ్లు మీ సంఘంలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, అడగండి.

టెన్షన్ పెట్టేశానని మా ఆవిడ అంటోంది. సరే, ఇదీ చెప్తాను. ఆ సంఘపెద్ద గారింటికి నేను వెళ్లింది మూడు వారాలు ఆలస్యంగా, సిగ్గుతో. ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి ఆ నోటుపుస్తకం తెచ్చారు. అందరి పేర్లూ ఒకే రోజువి, ఒకే నీలం సిరాతో ఉన్నాయి. అట్ట దగ్గరి చివరి పేజీలో నా పేరు ఆయనే రాశారు, అక్షరాలు తప్పుగా. వెళ్లేటప్పుడు ఒక మటోకే గెల నా బండికి కట్టించారు. ఆ నీళ్లు మోసిన రోజు తర్వాత కూడా అంతే, ఆ వీధి కుర్రాళ్లు నన్ను "ముయిండి" (ఇండియన్) అనడం మానేశారు, పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆలస్యమైనా వెళ్తే చాలన్నమాట. ఇది ముందే చెప్తే మీరు తాపీగా వెళ్తారని దాచాను.

మొన్న గురువారం ఆ తమ్ముడి భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ అమ్మాయి ఇంటికి వెళ్తున్నాం, ఇన్ని రోజులయ్యాక పుస్తకం ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందమ్మా, పెన్ను మాత్రం మీరే తీసుకెళ్లండి, వాళ్లింట్లో వెతుక్కోవాల్సి వస్తుంది అన్నాను.