చిన్నపిల్లలకు కంప్యూటర్ భాగాలను పరిచయం చేయడం ఎలా?

పిల్లలకు కంప్యూటర్ భాగాలను నేర్పాలనుకున్నప్పుడు చాలామంది బొమ్మల చార్టుతో మొదలుపెడతారు. పిల్లలు నాలుగు రోజుల్లో ఆ పేర్లన్నీ వరుస తప్పకుండా అప్పజెప్పేస్తారు గాని, మానిటర్ ఆపేస్తే ఏమవుతుందని అడిగితే కంప్యూటరే ఆగిపోతుందని జవాబిస్తారు. అందువల్ల ప్రతి భాగమూ చేసే పనిని ముందు కళ్ళకు కట్టినట్టు చూపించి, పేరు ఆ తరువాతే చెప్పాలన్నది నా గట్టి నమ్మకం. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రోజుకు ఒక్క భాగం, పావుగంట సమయం చాలు. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకేచోట కలిసిపోయి ఉంటాయి కాబట్టి, వీలైతే బల్లమీద పెట్టుకునే కంప్యూటర్‌తోనే ప్రారంభించండి.

మొదటి రోజు స్పీకర్లలో ఒక పాట పెట్టి, అది మోగుతూ ఉండగా మానిటర్ బటన్‌ను పిల్లల చేతే నొక్కించండి. తెర నల్లబడుతుంది, పాట మాత్రం ఆగదు. (స్పీకర్లు మానిటర్‌లోనే అమర్చి ఉంటే పాట కూడా ఆగిపోయే అవకాశముంది కనుక, విడి స్పీకర్లు వాడండి.) ఆ క్షణంలో మీరేమీ వివరించకుండా, పాట ఎక్కడి నుంచి వస్తోందో వాళ్ళనే వెతకనివ్వండి. తీగ వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళి కేబినెట్ (కంప్యూటర్ అసలు భాగాలుండే పెట్టె) దగ్గర ఆగిన పిల్లలకు, మానిటర్ చూపించేది మాత్రమేనని, అసలు పని మరోచోట జరుగుతోందని మళ్ళీ చెప్పవలసిన అవసరం రాదు.

మానిటర్ వద్దే ఇంకొక వింత ఉంది. తెరమీద తెల్లటి పేజీ తెరిచి, కనీసం పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దాన్ని దానికి దగ్గరగా పట్టుకుంటే, తెలుపు మాయమై ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సన్నని గీతలు కనిపిస్తాయి. ఈ మూడు రంగుల వెలుగులూ కలిసి ఒక చుక్క అవుతాయని, ఆ చుక్కను పిక్సెల్ అంటారని అప్పుడు చెప్పండి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుండే తెరలో మొత్తం 20,73,600 పిక్సెళ్ళు ఉంటాయి.

కీబోర్డు మీద నూటికి పైగా మీటలు ఉండటం మామూలే. వాటన్నిటినీ ఒకేసారి నేర్పడం వృథా శ్రమ. పిల్లలు తమ పేరులోని అక్షరాలు, స్పేస్ బార్, ఎంటర్, అక్షరాన్ని చెరిపే బ్యాక్‌స్పేస్ గుర్తుపడితే తొలి విడతకు సరిపోతుంది. కళ్ళు మూసుకుని మీటల మీద వేళ్ళు పోనిచ్చి, గరుకుగా తగిలే రెండు మీటలేవో కనిపెట్టమనండి. ఎఫ్, జే మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చూడకుండా టైపు చేసేవారి చూపుడువేళ్ళకు అవే ఆనవాళ్ళు. అక్షరాలు ఏ, బీ, సీ వరుసలో ఎందుకు లేవని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఆ అమరిక 1870ల నాటి టైపు మిషన్ల నుంచి వచ్చిందని చెబితే చాలు.

మౌస్ కింద కాంతి వెలిగే చోట చిన్న కాగితం ముక్క అంటించి కదపమనండి. బాణం గుర్తు కదలదు. మౌస్ తన కింద ఉన్న బల్లను ఎడతెగకుండా ఫోటోలు తీస్తూ, వాటిలోని తేడాను బట్టి ఎటు జరిగిందో తెలుసుకుంటుందని అప్పుడు వివరించండి. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం తయారుచేసిన తొలి మౌస్ చెక్కతో చేసిన చిన్న పెట్టె, కింద రెండు చక్రాలు ఉండేవి. ఈ సంగతి పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఇక కేబినెట్. ఈ పెట్టె మొత్తాన్ని సీపీయూ అనడం మనలో చాలామందికి అలవాటు. నిజానికి సీపీయూ అంటే లోపల ఉండే ప్రాసెసర్ అనే చిన్న చిప్పు మాత్రమే కాబట్టి, మొదటినుంచే సరైన పేరు వాడండి. దాన్ని కంప్యూటర్ మెదడు అని చెప్పడం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే ఆ మాట విన్న పిల్లలు కంప్యూటర్ తనంతట తానే ఆలోచిస్తుందని అనుకుంటారు. దానికి బదులు ఒక ఆట ఆడండి: పిల్లలు ఆజ్ఞలిస్తే మీరు అక్షరాలా పాటించాలి. "నడువు" అంటే ఆగమని చెప్పేదాకా, గోడ తగిలినా సరే, నడక ఆపకూడదు. చెప్పింది చెప్పినట్టు, కాని ఊహకందని వేగంతో చేయడమే ప్రాసెసర్ పని. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను నడిపే గడియారం సెకనుకు 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంత పని చేస్తే వేడెక్కకుండా ఉండదు గనుక, ఫ్యాను గాలి బయటికి వచ్చేచోట అరచెయ్యి పెట్టించి ఆ వెచ్చదనాన్ని తెలియనివ్వండి.

పని జరుగుతున్నంతసేపే గుర్తుంచుకునే ర్యామ్‌కూ, ఆపేసినా దాచి ఉంచే హార్డ్ డిస్క్‌కూ ఉన్న తేడాకు పలక, నోటుపుస్తకం మంచి పోలిక. తనంతట తానే సేవ్ చేసుకోని బొమ్మల ప్రోగ్రాంలో రెండు బొమ్మలు గీయించి, ఒకదాన్నే సేవ్ చేయించి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేయండి. సేవ్ చేసిన బొమ్మ నోటుపుస్తకంలో రాసినట్టు అలాగే ఉంటుంది, సేవ్ చేయని బొమ్మ పలక మీది రాతలా చెరిగిపోయి ఉంటుంది.

పాడైపోయిన పాత కంప్యూటర్ దొరికితే లోపలి భాగాలనూ చూపించవచ్చు గాని, దాన్ని ముందుగా పెద్దలే విప్పి సిద్ధం చేయాలి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా, భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక ఆ డబ్బాను ఎవరూ తెరవకూడదు, పాతకాలపు గాజు గొట్టం మానిటర్లను అసలు ముట్టుకోకూడదు. లోపలి భాగాలను కలిపే మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ళలాంటి బ్యాటరీని తప్పనిసరిగా తీసి దాచేయండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. రేకు అంచులు కోసుకుంటాయన్నదీ మరవకండి.

అన్నీ అయ్యాక, పిల్లలు నేర్చుకున్నది పేర్లతో పరీక్షించవద్దు. వాళ్ళు చూడకుండా కీబోర్డు తీగనో మౌస్ తీగనో ఊడదీసి, ఏది పనిచేయడం లేదో, ఎందుకో కనుక్కోమనండి. పేరు గుర్తురాక "అక్షరాలు పంపేది ఊడిపోయింది" అన్నా ఆ జవాబు సరైనదే. పేరును మీరు అందించి, తీగను మాత్రం వాళ్ళ చేతే తగిలించండి.