జావాలో జేసన్ – 4వ పాఠం: చివరి అంకె ఎందుకు మారింది?

కిందటి పాఠంలో నల్ ఫీల్డులను తీసేయడం, పేర్లు మార్చడం చూశాం. అవి ఒక అనొటేషన్‌తో తేలిపోయే పనులు. ఈసారి కాస్త నెమ్మదిగా చదవండి. ఇవాళ చెప్పుకునే తప్పు ఎక్కడా ఎర్రర్‌గా కనిపించదు.

బెంగళూరు నుంచి అనంతపురం, కడప వైపు వెళ్ళే బస్సుల బుకింగ్ సర్వీస్ మీద నేను పనిచేస్తున్న రోజులవి. శుక్రవారం సాయంత్రం, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర జనం బ్యాగులతో ఊరి బస్సు కోసం నిలబడే వేళ, టీమ్‌లో కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. “అక్కా, టికెట్ క్యాన్సిల్ చేస్తుంటే అలాంటి నంబరే లేదంటోంది. లాగ్‌లో చూస్తే ఉంది.” రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అసలు నంబర్లు మార్చి రాస్తున్నాను: సర్వర్ లాగ్‌లో 9007199254740993, బ్రౌజర్‌లో 9007199254740992. పదహారు అంకెల్లో చివరిదొక్కటే తేడా!

జావాలో లాంగ్ అంటే 64 బిట్ల పూర్ణసంఖ్య. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్‌కీ 64 బిట్లే, కానీ అది డబుల్, అంటే దశాంశ సంఖ్యలను కూడా పట్టే రకం. అందులో సంఖ్య కచ్చితంగా పట్టేది 53 బిట్లలోనే. అంటే 9007199254740991 దాటాక ప్రతి పూర్ణసంఖ్యకూ చోటుండదు. చోటు లేనిది పక్కదానిలోకి సర్దుకుంటుంది. సర్వర్ నుంచి బ్రౌజర్‌కు డేటా వెళ్ళేది జేసన్ అనే రాతలో, జావా విలువలను అలా రాసే లైబ్రరీ జాక్సన్. అది అంకెలన్నీ సరిగ్గానే రాసింది. జేసన్ రాతలో సంఖ్యకు హద్దు లేదు కాబట్టి అదీ తప్పు కాదు. చదివే చోట పోయింది. అయినా సరిచేయాల్సింది మనమే, ఆ నంబర్‌ను కోట్స్‌లో పెట్టి పంపాలి.

ఒక్క ఫీల్డే అయితే దాని మీద జేసన్‌ఫార్మాట్ అనొటేషన్ పెట్టి, షేప్‌కి స్ట్రింగ్ అని ఇవ్వండి. అంతే. తిరిగి వచ్చేటప్పుడు కోట్స్‌లో ఉన్న అంకెలను జాక్సన్ లాంగ్‌గా తనే చదువుకుంటుంది.

లాంగ్‌లన్నిటినీ ఒకేసారి స్ట్రింగ్ చేసేద్దాం అనిపిస్తుంది. దయచేసి చేయకండి. ఖాళీ సీట్ల లెక్క కూడా స్ట్రింగ్ అయిపోతే, అవతల 4కి 1 కలిపినప్పుడు 41 వస్తుంది. నా మాట వింటే టికెట్ నంబర్‌కి సొంత టైప్ పెట్టుకోండి, టికెట్‌ఐడీ అని. తర్వాత, విలువను జేసన్ రాతగా మార్చే ఎస్‌టీడీ‌సీరియలైజర్‌ను ఎక్స్‌టెండ్ చేసి సీరియలైజ్ మెథడ్ రాయండి. దానికి మూడు అందుతాయి: మన విలువ, జేసన్‌జనరేటర్, సీరియలైజర్‌ప్రొవైడర్. లోపల ఒకటే లైను: జనరేటర్ మీద రైట్‌స్ట్రింగ్ పిలిచి, లోపలి లాంగ్‌ను స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వడం. సొంత టైప్ కాబట్టి చదివే వైపు డీసీరియలైజర్ కూడా మీరే రాయాలి.

ఈ రెండిటినీ ఒక సింపుల్‌మాడ్యూల్‌లో చేర్చండి. జాక్సన్ 2తో నడిచే, సర్వర్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో ఆ మాడ్యూల్‌ను బీన్‌గా ఇస్తే చాలు, బూట్ తనే తగిలించుకుంటుంది. చాలామంది ఇక్కడే, జేసన్ మార్పిడంతా చేసే కొత్త ఆబ్జెక్ట్‌మ్యాపర్‌ను బీన్‌గా పెట్టేస్తారు. అప్పుడు బూట్ చేసి పెట్టిన సెట్టింగులు పోతాయి. జావాటైమ్‌మాడ్యూల్ చేర్చుకున్నా, తేదీలను టైమ్‌స్టాంప్‌గా రాసే ఫీచర్ ఆపకపోతే ప్రయాణం తేదీ [2024,3,15] అని బయటికొస్తుంది. నంబర్ బాగుచేయబోయి తేదీ పాడుచేసుకున్నట్టు! జాక్స్‌ఆర్ఎస్ (వెబ్ సర్వీసులు రాసే మరో జావా పద్ధతి) వాడేవాళ్ళు కాంటెక్స్ట్‌రిజాల్వర్ ద్వారా మ్యాపర్‌ను ఇవ్వాలి.

అభ్యాసం: 9007199254740993తో టికెట్ చేసి ఒక టెస్ట్ రాయండి. అయితే జేసన్‌ను మళ్ళీ జావా ఆబ్జెక్ట్‌గా చదివి పోల్చకండి. కోట్స్ లేకపోయినా జావాకి లాంగ్ సరిగ్గానే అందుతుంది, టెస్ట్ పాసైపోతుంది. మా దగ్గర టెస్టులన్నీ పాసైంది అందుకే. బయటికొచ్చిన రాతనే తీసుకుని, అంకెలకు ఇరువైపులా కోట్స్ ఉన్నాయో లేదో చూడండి.

వచ్చే పాఠంలో టికెట్ ధరల సంగతి, బిగ్‌డెసిమల్.