షాంపూ మార్చే ముందు బాత్రూం కుళాయి చూడండి

సమస్య

జుట్టుకి కలర్ వేయించుకున్నారు. పదిహేను రోజులు తిరక్కుండానే కొసలు కొబ్బరి పీచులా తయారయ్యాయి. ఎవరో చెబితే మంచి మాయిశ్చరైజింగ్ షాంపూ కొన్నారు. మొదటిసారి కాస్త మెత్తబడినట్టే ఉంది. మూడో తలస్నానానికి కథ మళ్లీ మొదటికొచ్చింది. పైగా ఇప్పుడు కుదుళ్ల దగ్గర అతుక్కున్నట్టు బరువుగా, కొసల దగ్గర గరగరలాడుతూ ఉంది. దువ్వెన సగంలో ఆగిపోతోంది. "ఈ షాంపూ నాకు పడలేదు" అని ఇంకో సీసా కొంటారు.

విజయవాడలో పార్లర్ నడుపుతున్న నాకు ఈ మాట వినని వారం ఉండదు. వాళ్లు తెచ్చి చూపించే సీసాల్లో చాలావరకు మంచి షాంపూలే.

ముందు తేలికగా తేలిపోయేవి

షాంపూ మాడుకి, కండిషనర్ కొసలకి అని మీకు తెలిసిందే, అది మళ్లీ చెప్పను. కలర్ వేయించుకున్నాక రెండు రోజులైనా ఆగకుండా తల రుద్దుకుంటే రంగు త్వరగా దిగుతుంది. గీజర్ నీళ్లు పొగలు కక్కేంత వేడిగా పోసుకుంటే రంగూ పోతుంది, జుట్టూ ఎండుతుంది. గోరువెచ్చగా చాలు. మధ్యమధ్యలో చుండ్రు షాంపూ వాడుతున్నా ఇంతే.

నూనె సంగతి ఒక్క మాట. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాయడం మంచిదే, జుట్టు నీళ్లు ఎక్కువగా పీల్చి ఉబ్బిపోకుండా కొంత ఆపుతుంది. కానీ మాడంతా నూనె పట్టించి, ఆ జిడ్డు వదిలేదాకా మూడుసార్లు షాంపూతో రుద్దితే రాసిన లాభం కాస్తా పోతుంది. కొసలకు అరచెంచా రాయండి, సరిపోతుంది.

కలర్ పడక అలర్జీ రావడం, షాంపూ పాడైపోవడం లాంటివి ఉన్నా, జుట్టు ఇలా అవడానికి అవి కారణం కావడం అరుదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే అది షాంపూతో తేలేది కాదు, చర్మ డాక్టరుకి చూపించండి.

అసలు కారణం: నీళ్లు

చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి వెంట్రుకకు పట్టుకుంటాయి. మామూలు జుట్టుకీ పడతాయి గానీ, కలర్ వేసిన జుట్టుకి ఇంకా ఎక్కువ పడతాయి. ఎందుకంటే కలర్‌లో కలిపే పెరాక్సైడ్ వెంట్రుక పైపొరలోని సహజమైన నూనెపదార్థాన్ని తీసేస్తుంది. కాల్షియం అతుక్కునే చోట్లను కూడా పెంచుతుంది. అలా పేరుకున్నదాని మీద మాయిశ్చరైజింగ్ షాంపూలోని మెత్తబరిచే పదార్థాలు ఇంకో పొర వేస్తాయి. అందుకే పైన జిడ్డు, కింద గరుకు. ఎంత ఖరీదైన సీసా కొన్నా ఇదే జరుగుతుంది.

ఇందులో నేను దెబ్బతిన్న సంగతి చెబుతాను. ఒకావిడ కూతురి పెళ్లికని కలర్ వేయించుకున్నారు. నెల తిరక్కుండా జుట్టు చీపురులా అయింది. "మీ ఇంట్లో ఏ నీళ్లండీ?" అని అడిగాను. "కృష్ణా నీళ్లే మేడమ్, మున్సిపాలిటీ కనెక్షన్ ఉంది" అన్నారు. నమ్మేశాను. నీళ్లు కారణం కాదని కొట్టేసి, రెండు నెలల్లో మూడు షాంపూలు మార్పించాను. మా పార్లర్‌లో కడిగినప్పుడల్లా జుట్టు పట్టులా ఉండేది. ఇంటికెళ్లి రెండుసార్లు తలస్నానం చేస్తే చాలు, మళ్లీ మొదటికొచ్చేది. చివరికి బాత్రూం షవర్ ఫోటో తీసి పంపమన్నాను. షవర్ చిల్లుల్లో సగం మూసుకుపోయి, చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వంటింటి కుళాయికి కృష్ణా నీళ్లు, బాత్రూంలకి బోరు నీళ్లు. ఆవిడ చెప్పింది నిజమే, వంటింటి వరకు.

ఇక్కడా గుంటూరులోనూ కార్పొరేషన్ కుళాయికి వచ్చేది కృష్ణా నీరే. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో పైపులు వేరువేరుగా ఉంటాయి, లేదా సంపులోనే రెండూ కలుపుతారు. కాబట్టి "మాది మున్సిపాలిటీ నీళ్లే" అన్న మాట లెక్కలోకి రాదు. మీరు తల మీద పోసుకునే నీళ్లు ఏవో చూడాలి.

చూడటం ఎంతసేపు? ఖాళీ నీళ్ల సీసాలో సగం దాకా బాత్రూం నీళ్లు పట్టండి. ఒంటి సబ్బు నాలుగు తురుములు వేసి గట్టిగా ఊపండి. నురగ నిలబడితే ఫర్వాలేదు. నురగ రాకుండా విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలితే నీళ్లే కారణం. బట్టల సబ్బుతో చేయొద్దు, వాటిలో చాలావరకు ఎలాంటి నీళ్లలోనైనా నురుగుతాయి. పక్కనే ఆర్‌వో నీళ్లతో ఇంకో సీసా ఊపి చూస్తే తేడా కళ్లకి కడుతుంది. టీడీఎస్ మీటర్ అంకె ఒక్కటే నమ్మకండి. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది, కఠినతను, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయన్నది విడిగా చెప్పదు. ల్యాబ్‌లో కఠినత పరీక్ష చేయిస్తే పోల్చుకోవడానికి ఒక అంకె: తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మంచిదన్న హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది.

పరిష్కారం

ముందు పేరుకున్నది వదిలించాలి. అట్టపెట్టె మీద "కీలేటింగ్" (కాల్షియం లాంటివాటిని పట్టి లాగేసేది) అనో "హార్డ్ వాటర్" అనో రాసి ఉన్న షాంపూ తెచ్చుకోండి. పదార్థాల్లో ఈడీటీఏ (అలా లాగేసే పదార్థం) అని కనిపించినంత మాత్రాన సరిపోదు, మామూలు షాంపూల్లో కూడా అది కొద్దిగా వేస్తారు. ఈ షాంపూతో రెండు మూడు వారాలకొకసారి చాలు. అంతకంటే ఎక్కువైతే రంగు దిగుతుంది. ఆ రోజు కండిషనర్ తప్పకుండా పెట్టండి. మిగతా రోజుల్లో మీ మాయిశ్చరైజింగ్ షాంపూనే వాడుకోండి, అది ఇప్పుడు పనిచేయడం మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత మళ్లీ పేరుకోకుండా చూసుకోవాలి. అన్నిటికంటే చవకైన దారి: బోరు నీళ్లతో కడుక్కున్నా, చివరి రెండు మగ్గులు మాత్రం వంటింట్లో పట్టిన కృష్ణా నీళ్లు గానీ ఆర్‌వో నీళ్లు గానీ పోసుకోండి. భుజాల దాకా ఉన్న జుట్టుకి రెండు లీటర్లు సరిపోతాయి. లీటరు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి నెలకి రెండుసార్లు పోసుకుని, రెండు నిమిషాలాగి కడిగేయొచ్చు. కళ్లలో పడనివ్వకండి, కలర్ వేసిన మొదటి వారంలో అసలు వద్దు. నిమ్మకాయ నేరుగా రుద్దుకుని ఎండలోకి వెళ్లడం ఇంకా తప్పు, రంగు తేలిపోతుంది.

నీళ్లు మరిగిస్తే కఠినత కొంతే తగ్గుతుంది, అంతా పోదు. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్, మట్టి తగ్గించడానికే. కఠినత పోవాలంటే ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పెట్టించాలి. అది ఒక్క ఫ్లాట్‌కి భారమే, అపార్ట్‌మెంట్ అంతా కలిసి పెట్టించుకుంటే నయం.

ఇంకొకటి. ఇప్పుడు సబ్బు పరీక్ష బాగానే వచ్చినా ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ చేయండి. ఎండాకాలం కుళాయి నీళ్లు చాలకపోతే సంపులోకి బోరు నీళ్లు ఎక్కువ వదులుతారు. ఆ సంగతి ఎవరూ వచ్చి చెప్పరు, వాచ్‌మన్‌ని మీరే అడగాలి.