సొంతంగా రాసుకున్న ఎన్‌క్రిప్షన్‌ను మీరే పరీక్షించడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు డిగ్రీ, బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల్లో "మేమే తయారుచేసిన ఎన్‌క్రిప్షన్ అల్గారిథం" తరచుగా కనిపిస్తుంటుంది. రిపోర్టులో ఎడమన తెలుగు వాక్యం, కుడివైపు పిచ్చిగీతలు, కింద "దీన్ని ఎవరూ ఛేదించలేరు" అని ఒక మాట. ఎవరు ప్రయత్నించారు అని అడిగితే జవాబు ఉండదు. ఆ ప్రయత్నమేదో మీరే ఎలా చేయాలో చూద్దాం.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు వడ్ల కొనుగోలు యాప్ రాశారనుకోండి. రైతు పేరు, ఊరు, బస్తాలు, ఇవ్వాల్సిన పైసలు, అన్నిటినీ ఎనిమిది బైట్ల కీతో (రహస్య సంఖ్యలతో) ఎక్సార్ చేసి ఫైల్లో దాచారు. ఎక్సార్ అంటే రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1; అదే బైటుతో మళ్లీ చేస్తే అసలుది తిరిగొస్తుంది. కీ అయిపోగానే మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది. కొత్తగా రాసేవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే.

1. కోడ్ దాచడం మానండి

అల్గారిథం శత్రువు చేతిలో పడినా, కీ ఒక్కటి దాగితే చాలన్నట్టు ఉండాలని గూఢలిపి నిపుణుడు ఔగుస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. ఆండ్రాయిడ్ యాప్ ఉండే ఏపీకే ఫైలును విప్పి చదవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. కాబట్టి కోడ్, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు రెండూ క్లాస్‌మేట్ చేతిలో పెట్టండి. ఒకట్రెండు రికార్డుల అసలు రూపం కూడా చెప్పండి. అది అన్యాయమేం కాదు, ఏ రైతు లెక్క ఆ రైతుకు తెలిసే ఉంటుంది కదా.

2. సున్నాల ఫైలు ఇవ్వండి

అన్నీ సున్నా బైట్లే ఉన్న ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయండి. మన ఉదాహరణలో బయటికొచ్చేది కీనే, వరసగా మళ్లీ మళ్లీ. మీ దాంట్లో అలా కాకపోయినా, ఏదో ఒక వరస తిరిగి తిరిగి వస్తోందంటే అనుమానించండి. ఫలితాన్ని జిప్ చేసి చూడండి. బాగా కుదించుకుపోయిందంటే అది ఎన్‌క్రిప్షనే కాదు.

3. తెలుగు పాఠంతో దాడి చేయండి

ఇంగ్లిష్ పాఠాల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టే పద్ధతి అందరూ చెబుతారు. మనకు అంత కష్టం కూడా అక్కర్లేదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు. గుణింతం, పొల్లు, సున్న కూడా విడి గుర్తులే. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. మూడోది 128 నుంచి 191 లోపు.

"నల్లగొండ" అన్న మాట ఎనిమిది గుర్తులు, అంటే 24 బైట్లు. రికార్డు ఆ మాటతో మొదలైతే 224 ఉండే స్థానాలు 0, 3, 6, 9, 12, 15, 18, 21. వీటిని 8తో భాగిస్తే శేషాలు 0, 3, 6, 1, 4, 7, 2, 5. కీలోని ఎనిమిది స్థానాలూ వచ్చేశాయి! ఆ చోట్ల ఉన్న ఎన్‌క్రిప్ట్ బైట్లను 224తో ఎక్సార్ చేస్తే మొత్తం కీ చేతికొస్తుంది. అది ఏ ఊరో కూడా తెలియనక్కర్లేదు. మధ్యలో ఖాళీ లేకుండా ఎనిమిది తెలుగు గుర్తులుంటే చాలు. రెండో బైట్ల చోట 176, 177 వస్తున్నాయో లేదో చూసి సరిచూసుకోండి.

కీ పొడవు తెలియకపోతే 1 నుంచి 32 దాకా లూప్‌లో ప్రయత్నించండి. పొడవు మూడుకు గుణిజమైతే, ఉదాహరణకు 12 అయితే, 224 ఎప్పుడూ కీలో అవే నాలుగు చోట్ల పడుతుంది, పని కాస్త ఆగుతుంది. ఖాళీ వచ్చినప్పుడల్లా, అది ఒకే బైటు కాబట్టి, వరస జరిగి మరికొన్ని చోట్లు తెరుచుకుంటాయి.

4. ఒక్క బిట్ మార్చండి

మీ సైఫర్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) డేటాను ముక్కలుగా, అంటే బ్లాకులుగా తీసుకుని మార్చే బ్లాక్ సైఫర్ అయితే, ఇన్‌పుట్‌లో ఒక బిట్ మారిస్తే ఆ బ్లాక్ ఫలితంలో దాదాపు సగం బిట్లు మారాలి. ఒకే బైటు మారిందంటే లోపల కలగలుపు జరగలేదన్నమాట. కీ నుంచి పుట్టే బైట్ల వరసతో డేటాను ఎక్సార్ చేసే స్ట్రీమ్ సైఫర్లకు ఈ పరీక్ష వర్తించదు. ఏ రకమైనా సరే, ఒకే రికార్డును రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే రెండు వేర్వేరు ఫలితాలు రావాలి. కీని గడియారం సెకన్లతో మొదలయ్యే మామూలు ర్యాండమ్ ఫంక్షన్‌తో పుట్టించారా? రోజుకు 86,400 సెకన్లు. తేదీ తెలిసినవాడు ప్రయత్నించాల్సినవి అన్నే.

ఇవన్నీ దాటినంత మాత్రాన మీ సైఫర్ గట్టిదని కాదు. జర్మనీ కంపెనీ డాయిష్ టెలికామ్ వాళ్ల మెజెంటా సైఫర్‌ను, ఏఈఎస్ అనే అమెరికా ప్రభుత్వ ఎన్‌క్రిప్షన్ ప్రమాణాన్ని ఎంచుకునే పోటీలో భాగంగా 1998లో జరిగిన తొలి సమావేశంలో వివరిస్తుంటే, వింటున్నవాళ్లు అక్కడికక్కడే లోపాలు పట్టేశారు. అది రాసినవాళ్లు మనలాంటి కొత్తవాళ్లు కూడా కాదు.

5. వేగం, సైజు కొలవండి

భద్రత కోసమని రౌండ్లు (అదే పనిని మళ్లీ మళ్లీ చేయడం) పెంచడం చాలామందికి అలవాటు. అదే పొడవున్న పది కీలతో పదిసార్లు ఎక్సార్ చేసినా, ఒక్క కీతో ఒక్కసారి చేసినట్టే. కాలం పదింతలు పోతుంది, బలం ఇసుమంత పెరగదు. ప్రతి బైటును మూడంకెల సంఖ్యగా రాసి దాచేవాళ్లూ ఉన్నారు. "నల్లగొండ" 24 బైట్ల నుంచి 72 అవుతుంది. పది మెగాబైట్ల ఫైలు మీద మీ కోడ్‌ను, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోని ఏఈఎస్‌ను పక్కపక్కన నడిపి టైం చూడండి. ఇప్పటి ప్రాసెసర్లు చాలావాటిలో ఏఈఎస్ కోసం ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. పైథాన్ లూప్ వాటితో పోటీపడే ప్రసక్తే లేదు.

6. దాని చోట ఏం పెట్టాలి?

ఏఈఎస్-జీసీఎం (ఏఈఎస్‌ను వాడే ఒక పద్ధతి), లేదా లిబ్‌సోడియం లైబ్రరీలోని ఎక్స్‌చాచా20-పాలీ1305. ఏఈఎస్ పోటీకి 1998లో 15 సైఫర్లు నిలబడ్డాయి. అందరూ వాటి మీద దాడులు చేశాక ఎంపికైన రైన్‌డాల్ 2001లో ఏఈఎస్ పేరుతో ప్రమాణమైంది. పాస్‌వర్డ్‌ను నేరుగా కీగా వాడకండి, పాస్‌వర్డ్ నుంచి కీ పుట్టించే ఆర్గాన్2 ద్వారా కీ తయారుచేయండి. జీసీఎంలో ఒకే కీతో నాన్స్ (ప్రతి ఎన్‌క్రిప్షన్‌కూ కొత్తగా ఇచ్చే సంఖ్య) రెండోసారి వాడకూడదు, ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు.

మీ సైఫర్‌ను ప్రాజెక్టులోంచి తీసేయనక్కర్లేదు. దాన్ని ఎలా ఛేదించారో ఒక అధ్యాయం రాయండి. మార్కులు వేసేది నేనైతే ఆ అధ్యాయానికే ఎక్కువ వేస్తాను. మిల్లులో యాప్ ఇప్పటికే నడుస్తుంటే మాత్రం పాత రికార్డులను విప్పి కొత్త పద్ధతిలో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయండి. గుమస్తా ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో పంపుకున్న పాత కాపీలను వెతికి తుడిచేయండి. పాత కీని ఇంకెక్కడైనా పాస్‌వర్డ్‌గా వాడి ఉంటే అదీ మార్చండి.