బాలింతకు ఒక కాలే వాచిందా? నూనె రుద్దకండి

సమస్య: కాన్పయ్యాక ఒక్క కాలే వాచింది

బీపీ సరిగ్గా ఉండి రెండు కాళ్లకూ కాస్త నీరు వస్తే మామూలుగా కొద్ది రోజుల్లో దిగిపోతుంది. కానీ ఒకే కాలు, ఎక్కువగా ఎడమది, పిక్క నుంచి తొడ దాకా బిగుసుకుపోయి, తాకితే వేడిగా, అడుగు వేస్తే సలుపుతూ ఉంటే బాలింత వాతమని ఊరుకోవద్దు. లోపలి రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు.

కారణం

కాన్పులో రక్తం మరీ పోకుండా ఒళ్లే రక్తాన్ని తొందరగా గడ్డకట్టేలా తయారు చేసుకుంటుంది, ఆ గుణం కాన్పు తర్వాత 6 వారాల దాకా ఉంటుంది, మొదటి 3 వారాలు మరీ ఎక్కువ. సిజేరియన్, అధిక బరువు, ఇన్ఫెక్షన్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఇక మన కర్నూలు వైపు ఇళ్లలో చూడండి, బయట మే నెల ఎండ మండుతుంటే కిటికీలు మూసి, చెవులకు గుడ్డ కట్టి, ఫ్యాను ఆపి, పొట్ట వస్తుందని పూటకో చిన్న గ్లాసు వేడినీళ్లే ఇస్తారు, మంచం దిగనివ్వరు. అవ్వలు ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, కదలకపోతే కాళ్లలోనే నిలిచిపోతుంది.

పరిష్కారం

ఆ కాలిని రుద్దకండి, పిసకకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికొస్తుంది. అదే రోజు కాలికి, నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయించండి. గడ్డ ఉంటే రక్తం ఇంకా గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ రకం ఇంజెక్షన్లు ఇస్తారు, తర్వాత అదే పని చేసే వార్ఫరిన్ మాత్రలకు మార్చొచ్చు. ఈ రెండూ వాడుతూ బిడ్డకు పాలివ్వొచ్చు. కొన్ని కొత్త మాత్రలు పాలిచ్చే తల్లికి పనికిరావు కాబట్టి పాలిస్తున్న సంగతి తప్పకుండా చెప్పండి. మందు కనీసం 3 నెలలు వాడాల్సి ఉంటుంది, వాపు తగ్గిందని మధ్యలో మానొద్దు.

ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం: వెంటనే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం: ఇది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోదు. మెదడు రక్తనాళంలో గడ్డ కావొచ్చు, కాన్పు తర్వాత వచ్చే బీపీ వల్లా కావొచ్చు. రెండింట్లో ఏదైనా సరే, స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి.

రాకుండా ఉండాలంటే దాహం తీరా నీళ్లివ్వండి, డాక్టరు సరేనన్న వెంటనే లేపి నడిపించండి. ఒకసారి గడ్డ వచ్చిన తల్లి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. మళ్లీ నెల తప్పితే మొదటి చెకప్‌లోనే ఆ పాత రిపోర్టు చూపించాలి.